ఆపదలో అన్నం పుచ్చుకోవడం: ధర్మం ఏం చెబుతుంది?

చేతిలో చిల్లిగవ్వ లేని రోజున ఇతరులు పెట్టే అన్నం తినవచ్చా, తింటే మనిషి గౌరవానికి లోటా అన్న ప్రశ్న ధర్మచింతనలో చాలా పాతది. అన్నదానం గొప్పదనం గురించి పురాణాలు, శాసనాలు, హరికథలు విస్తారంగా చెప్పాయి. ఆ అన్నం ముందు కూర్చున్నవాడి మనసు గురించి చెప్పింది తక్కువ. పెట్టినవాడికి పుణ్యం, పేరు దక్కుతాయి. తిన్నవాడికి కడుపు నిండినా చాలాసార్లు సిగ్గు మిగులుతుంది. ఉద్యోగం పోయినప్పుడు, పంట దెబ్బతిన్నప్పుడు, ఆస్పత్రి బిల్లు ఇంటిని ఊడ్చేసినప్పుడు, నిన్నటిదాకా నలుగురికి పెట్టిన కుటుంబమే వరుసలో నిలబడవలసి వస్తుంది. అలాంటి కుటుంబాలకు ఆకలి కంటే పరువు పెద్ద సమస్యగా కనిపిస్తుంది. పెద్దలు పస్తులుంటారు, పిల్లలకు అరకొరగా పెడతారు, సాయం దొరికే గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. ఈ సంకోచానికి ధర్మంలో ఆధారం ఉందా లేదా అన్నదే ఇక్కడి విచారణ.

ఫుడ్ బ్యాంకు పుట్టుక

ఈ ప్రశ్నను నేటి ప్రపంచం ముందు పెడుతున్న సంస్థ ఫుడ్ బ్యాంకు. మొట్టమొదటి ఫుడ్ బ్యాంకుగా చెప్పుకునే సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ 1967లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరంలో మొదలైంది. దాన్ని స్థాపించిన జాన్ వాన్ హెంగెల్ పేదలకు భోజనం పెట్టే ఒక వంటశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు. సరుకుల దుకాణాల వెనక పారేసిన తిండిలోంచి బాగున్నది ఏరుకొని పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి ఆయనకు తారసపడింది. పారేసే తిండిని ఒకచోట జమచేస్తే కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు కదా అన్న ఆలోచన ఆమె మాటల్లోంచే వచ్చిందని ఆయన చెప్పేవాడు. లోకమంతా పాకిన ఈ ఏర్పాటుకు మూలం ఒక దాత ఔదార్యం కాదు, ఆకలి అనుభవించిన ఒక తల్లి బుద్ధి.

దీని పనితీరు సులువైనది. దుకాణాలు, రైతులు, టోకు వ్యాపారులు అమ్ముడుపోని సరుకును, గడువు దగ్గరపడిన పొట్లాలను, అట్టపెట్టె నలిగినా లోపల బాగున్న డబ్బాలను ఇస్తారు. గోదాములో స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఏరి, వేరుచేసి, చర్చిలు, గురుద్వారాలు, బడులు, వాడ సంఘాల ద్వారా పంచుతారు. కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో ఎడ్మంటన్‌లో వచ్చింది. బ్రిటన్‌లో ట్రస్సెల్ సంస్థ 2000లో సాల్స్‌బరీ పట్టణంలో మొదటిది తెరిచింది. అక్కడి పద్ధతి ప్రకారం డాక్టరో, సామాజిక కార్యకర్తో, సలహా కేంద్రమో చీటీ రాసిస్తే, దాని మీద మూడు రోజులకు సరిపడే సరుకులు ఇస్తారు. ఆ చీటీ అడగడానికే చాలామందికి నోరు రాదు.

ఉషస్తి తిన్న గుగ్గిళ్లు

నోరు రాని ఈ స్థితి గురించి భారతీయ వాఙ్మయంలో చాలా సూటిగా మాట్లాడిన కథ ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉంది. కురుదేశంలో వడగళ్ల దెబ్బకు పంటలు పోయాయి. చక్రుడి కొడుకు ఉషస్తి వేదం చదివిన పండితుడు. భార్యతో కలిసి ఏనుగులవాళ్ల ఊళ్లో తలదాచుకున్నాడు. ఒకరోజు ఒక ఏనుగులవాడు గుగ్గిళ్లు తింటుంటే, వాటిలో కొన్ని పెట్టమని అడిగాడు. తన ముందున్నవి తప్ప వేరే లేవని అతడు చెప్పాడు. అవే ఇమ్మన్నాడు ఉషస్తి, పుచ్చుకున్నాడు. అతడు తాగుతున్న నీళ్లు కూడా ఇవ్వబోతే మాత్రం ఎంగిలి నీళ్లు వద్దన్నాడు. గుగ్గిళ్లు ఎంగిలి కావా అని ఏనుగులవాడు అడిగాడు. అవి తినకపోతే తన ప్రాణం నిలవదని, నీళ్లయితే కావలసినచోట దొరుకుతాయని ఉషస్తి జవాబు.

ఆ జవాబులో ఒక సూత్రం మొత్తం ఇమిడి ఉంది. ప్రాణానికి ఏది అవసరమో అది ఎవరి దగ్గరనుంచైనా, ఎలాంటిదైనా పుచ్చుకోవచ్చు. అవసరం తీరిన చోట పుచ్చుకోవడం ఆగాలి. నియమాలు తెలియక ఉషస్తి ఎంగిలి తినలేదు. నియమం ఎక్కడ సడలుతుందో, ఎక్కడ మళ్లీ బిగుస్తుందో ఎరిగి తిన్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. మిగిలిన గుగ్గిళ్లు భార్యకు తెచ్చాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరికింది కనుక వాటిని దాచి ఉంచింది. మర్నాడు పొద్దున్నే, కాస్త తిండి దొరికితే వెళ్లి డబ్బు సంపాదించుకు రాగలనని, రాజు యాగం తలపెట్టాడని ఉషస్తి అన్నాడు. భార్య నిన్నటి గుగ్గిళ్లు పెట్టింది. అవి తిని యాగశాలకు వెళ్లాడు, అక్కడి ఋత్విక్కుల కంటే లోతుగా విషయం తెలిసినవాడని రుజువు చేసుకున్నాడు. రాజు బాధ్యతంతా అప్పగించబోతే, ఉన్న ఋత్విక్కులనే తన అనుమతితో కొనసాగనిమ్మని, వాళ్లకు ఇచ్చేంత ధనమే తనకూ ఇమ్మని అడిగాడు. తాము పాడే సామభాగాలకు దేవతలు ఎవరని ఋత్విక్కులు అడిగితే, ప్రాణమని, సూర్యుడని, అన్నమని వరసగా చెప్పాడు. ముందురోజు ఎంగిలి గుగ్గిళ్లతో ప్రాణం నిలుపుకున్న మనిషి నోటినుంచి అన్నమే దేవత అన్న మాట రావడం ఆ ఉపనిషత్తు చేసిన గొప్ప ఎంపిక.

ఆపదలో దొరికిన పిడికెడు తిండి మనిషిని ఏం చేస్తుందో ఈ కథ చూపిస్తుంది. ఉషస్తి దానివల్ల సోమరి కాలేదు, బానిస కాలేదు. లేచి పనికి వెళ్లడానికి ఓపిక వచ్చింది. సాయం తింటే మనిషి పాడైపోతాడని భయపడేవాళ్లకు ఉపనిషత్కాలం నుంచే ఉన్న జవాబు ఇది.

ప్రతిగ్రహ భయం

దీనికి ఎదురుగా నిలిచే వాదమూ మన సంప్రదాయంలో ఉంది, దాన్ని దాచవలసిన పని లేదు. దానం పుచ్చుకోవడాన్ని ధర్మశాస్త్రాలు ప్రతిగ్రహం అంటాయి. దానం తీసుకునే అర్హత ఉన్న బ్రాహ్మణుడు సైతం అదే పనిగా తీసుకుంటే తేజస్సు తగ్గుతుందని మనుస్మృతి హెచ్చరిస్తుంది. అడక్కుండా వచ్చిన దానితోనే బతకడం, రాలిన గింజలు ఏరుకొని బతకడం ఉత్తమమైన జీవికలుగా లెక్కలోకి వచ్చాయి. ఒకరి ముందు చేయి చాచకూడదన్న పట్టుదల తెలుగు ఇళ్లలో ఇప్పటికీ బలంగా ఉండటానికి ఈ భావధార ఒక కారణం.

అయితే ఈ హెచ్చరిక ఎవరిని ఉద్దేశించిందో చూడాలి. ఇది కడుపు నిండినవాడి లోభానికి వేసిన కళ్లెం. ఆకలితో ఉన్నవాడికి వర్తించేది ఆపద్ధర్మం. మనుస్మృతే పదో అధ్యాయంలో, ఆకలికి తాళలేక నిషిద్ధమైన తిండికి సిద్ధపడిన ఋషుల పేర్లు చెప్పి వాళ్లకు దోషం అంటలేదంటుంది. మహాభారతం శాంతిపర్వంలో కరువుకాలాన విశ్వామిత్రుడు చండాలుడి ఇంట కుక్క మాంసానికి చేయి చాచిన ఘట్టం ఉంది. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ప్రాణాపాయంలో మాత్రం ఎలాంటి అన్నమైనా తినడానికి అనుమతి ఉందని చెప్పే సూత్రం ఒకటి ఉంది. దానికి ఆదిశంకరులు భాష్యం రాస్తూ చూపిన ఉదాహరణ ఉషస్తిదే. ప్రతిగ్రహాన్ని తప్పుపట్టిన శాస్త్రమే ప్రాణం పోయే వేళ దాన్ని ఒప్పుకుంది. మొదటి మాట పట్టుకొని రెండోది వదిలేస్తే శాస్త్రాన్ని సగమే చదివినట్టు.

వ్యాసుడికీ ఆకలి వేసింది

ఆకలి ఎంతటివాణ్ని ఏం చేస్తుందో తెలుగు పాఠకులకు శ్రీనాథుడి భీమఖండం ద్వారా బాగా తెలుసు. బడి పుస్తకాల్లో పాఠంగా కూడా వచ్చిన ఘట్టమది. కాశీలో వ్యాసుడికి, శిష్యులకు భిక్ష దొరకలేదు. వేదాలు విభజించిన మహర్షి కోపం ఆపుకోలేక కాశీ నగరాన్నే శపించబోయాడు. అప్పుడు అన్నపూర్ణ మామూలు ఇల్లాలి రూపంలో వాకిట నిలిచి పిలిచింది, ఒక్కపూట తిండి దొరకనందుకు ఊరిని శపిస్తావా అని మందలించింది, భోజనానికి రమ్మంది. శిష్యులు పదివేలమంది ఉన్నారని, వాళ్లు తినకుండా తాను తినడం వ్రతభంగమని వ్యాసుడు చెప్పాడు. అందరినీ తీసుకురమ్మంది ఆ తల్లి.

ఈ కథను సాధారణంగా కోపం కూడదన్న నీతికి వాడతారు. ఇందులో గమనించవలసినవి ఇంకా ఉన్నాయి. ఆకలి వ్యాసుడి అంతటివాడి వివేకాన్ని మింగేసింది. కాబట్టి ఆకలి వేసినవాడి చిరాకును, మాటతీరును చూసి అతని గుణాన్ని తూచకూడదు. అన్నపూర్ణ తప్పు చెప్పింది గానీ, తప్పు చేశాడని తిండి ఆపలేదు. ఇక వ్యాసుడు అంత ఆకలిలోనూ తనవాళ్లకు పెట్టనిదే ముద్ద ముట్టనన్నాడు. పుచ్చుకునేవాడికి కూడా ఇతరుల పట్ల బాధ్యత ఉంటుందని, ఆ బాధ్యత తీర్చడంలోనే అతని గౌరవం నిలుస్తుందని ఆ మాట చెబుతుంది.

ఎంత ఉంటే తీసుకోకూడదు?

అవసరం అంటే ఎంత? ఈ లెక్కను యూదు ధర్మశాస్త్రం చాలా స్పష్టంగా తేల్చింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో పేదల వాటా గురించిన భాగం ఉంది. ఆనాటి యూదు ఊళ్లలో రోజూ వండిన తిండి పంచే ఏర్పాటు ఒకటి, వారానికోసారి డబ్బు పంచే నిధి ఒకటి ఉండేవి. రెండు పూటలకు సరిపడే తిండి ఉన్నవాడు మొదటిదాన్నుంచి, పద్నాలుగు పూటలకు ఉన్నవాడు రెండోదాన్నుంచి తీసుకోకూడదని నియమం. ఫుడ్ బ్యాంకులు నేడు పెట్టుకునే అర్హతలకు ఇది చాలా దగ్గరి పూర్వరూపం.

పన్నెండో శతాబ్దపు తత్త్వవేత్త మైమోనిడెస్ దీన్ని రెండువైపులా పదును పెట్టాడు. అవసరం లేకుండా సాయం తీసుకునేవాడిని తప్పుపట్టాడు. ముసలితనం వల్లనో, జబ్బు వల్లనో సాయం లేనిదే బతకలేని స్థితిలో ఉండి కూడా అభిమానంతో తీసుకోనివాడు తన రక్తాన్ని తానే చిందించుకున్నవాడితో సమానమని కూడా అన్నాడు. బట్టలు అడిగినవాడి సంగతి విచారించి ఇవ్వవచ్చు, ఆకలి అన్నవాడికి మాత్రం విచారణ లేకుండా వెంటనే పెట్టాలన్నది ఆ సంప్రదాయం చేసిన మరో నిర్ణయం.

ఇస్లాం యాచనను ప్రోత్సహించదు. ఇచ్చే చేయి పుచ్చుకునే చేతికంటే మేలని ప్రవక్త బోధ. అయినా అడగక తప్పనివాళ్లు ఎవరో ఆయన మాటగా వచ్చిన ఒక హదీసు విడమరిచి చెబుతుంది: ఇతరుల కోసం అప్పు నెత్తికెత్తుకున్నవాడు, ఆపదలో ఆస్తి పోగొట్టుకున్నవాడు, పేదరికం పాలయ్యాడని తనవాళ్లలో ముగ్గురు వివేకవంతులు చెప్పగలిగినవాడు. తేరుకొని నిలదొక్కుకునే వరకే ఆ అనుమతి. ముస్లింలు విధిగా ఇవ్వవలసిన జకాత్ అందుకోదగినవాళ్లని ఖురాన్ పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో పేదలతోపాటు అప్పుల్లో చిక్కినవాళ్లూ ఉన్నారు. ఆర్థికంగా చితికిపోవడం వ్యక్తి నేరం కాదని, సమాజం పంచుకోవలసిన బరువని గుర్తించిన విధానమిది.

బౌద్ధంలో భిక్షువు పాత్ర పట్టుకొని గుమ్మం ముందు నిలబడటం అవమానంగా ఉండదు, అది శిక్షణలో భాగం. అయితే శరీరం నిలవడానికే తింటున్నానని, రుచి కోసం కాదని భిక్షువు తలచుకొని తినాలి. క్రైస్తవంలో తొలి సంఘం రోజువారీ తిండి పంపకంలో కొందరు విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, ఫిర్యాదు చేసినవాళ్లను గద్దించలేదు. పంపకం చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పాటు చేసింది. పుచ్చుకునేవాడు సరిగా అందలేదని అడగవచ్చునని దీన్నిబట్టి తేలుతుంది.

ఇన్ని దారుల్లో వచ్చిన ఈ మాటలన్నీ కలిసేది ఒకేచోట. పుచ్చుకోవడానికి కొలత అవసరం. దాన్ని మించడం దోషం, అవసరం ఉండి కూడా కాదనుకోవడం దోషమే.

పెట్టేవాడి బాధ్యత

పుచ్చుకునేవాడి సిగ్గు చాలావరకు పెట్టేవాడి తీరులోంచి పుడుతుంది. తన కోసమే వండుకు తినేవాడు తినేది పాపమేనని భగవద్గీత మూడో అధ్యాయం భావం. గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాల్లో ఇంటికి వచ్చిన మనిషికి పెట్టడం ఒకటి. ఈ లెక్కన అన్నం పెట్టడం ఉపకారం కాదు, తీర్చవలసిన బాకీ. బాకీ తీర్చేవాడు గర్వపడటానికి, వసూలు చేసుకునేవాడు తలదించుకోవడానికి కారణం ఉండదు. ఇచ్చి దెప్పిపొడిస్తే దానం వ్యర్థమవుతుందని ఖురాన్ హెచ్చరించింది. మైమోనిడెస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, ఇచ్చినవాడెవరో తీసుకున్నవాడికి, తీసుకున్నవాడెవరో ఇచ్చినవాడికి తెలియని దానాన్ని పై నుంచి రెండో మెట్టున పెట్టాడు. అప్పో, పనో, వ్యాపారంలో భాగమో ఇచ్చి మనిషిని సొంత కాళ్ల మీద నిలబెట్టడం ఆయన దృష్టిలో అన్నిటికంటే పైమెట్టు. దీన్నిబట్టి చూస్తే, బియ్యం సంచి అందిస్తూ పేదవాడి పక్కన నిలబడి ఫోటో తీయించుకొని వాట్సాప్‌లో పెట్టే అలవాటు దానాన్ని కింది మెట్లకు దించుతుంది.

సిక్కుల ఉచిత భోజనశాల అయిన లంగరు ఈ చిక్కును పంక్తితో విప్పింది. గురు అమరదాసు తనను చూడవచ్చినవాళ్లు ముందు పంక్తిలో కూర్చొని తినాలని నియమం పెట్టాడు. అక్బరు కూడా అలా కూర్చొని తిన్నాడని సంప్రదాయం చెబుతుంది. అందరూ నేలమీద ఒకే వరుసలో ఒకే రొట్టె, ఒకే పప్పు తింటున్నచోట ఎవడు అవసరం కొద్దీ వచ్చాడో, ఎవడు భక్తి కొద్దీ వచ్చాడో తెలియదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానంలోనూ ఈ గుణం ఉంది. లక్షాధికారి, బస్సు చార్జీలు కూడబెట్టుకొని వచ్చిన కూలీ పక్కపక్కన కూర్చొని అదే అన్నం, అదే సాంబారు తింటారు. అక్కడ అది ప్రసాదం కాబట్టి ఎవరికీ సిగ్గు లేదు.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) చేసిందీ ఇదే. లంకల గన్నవరంలో ఆమె ఇల్లు ఏటి దారిన పోయేవాళ్లకు దిక్కు. ఏ వేళకు ఎవరు వచ్చినా, కులం అడక్కుండా, విస్తరి వేసేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

మన అన్నదాన చరిత్రలో మచ్చలు లేవని కాదు. చాలా సత్రాలు కొన్ని కులాలకే తలుపు తెరిచేవి. పంక్తి వేరుగా, వడ్డన వేరుగా ఉండేవి. పేద విద్యార్థులు వారానికి ఒక్కో రోజు ఒక్కో ఇంట తిని చదువుకున్న వారాల పద్ధతి ఎందరికో అక్షరాన్ని ఇచ్చింది, కానీ అదీ ఎక్కువగా కులం గీతల లోపలే సాగింది. ఆకలికి కులం లేదని ఒప్పుకోని అన్నదానం, ఎన్ని విస్తళ్లు లేచినా, అన్నదానం పేరుకు తగదు.

దానమా, హక్కా?

పుచ్చుకునేవాడి స్థితిని మార్చగల మరో ఆలోచన హక్కు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797 నాటి నీతిశాస్త్ర గ్రంథంలో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. పాలనలోని అన్యాయం వల్ల కొందరి దగ్గర సంపద పోగుపడి, మరికొందరు వాళ్ల సాయం మీద ఆధారపడవలసి వస్తే, ఆ ధనవంతుడు చేసేదాన్ని ఔదార్యం అనవచ్చా అన్నాడు. సాయపడేవాడు ఎదుటివాడు స్వీకరించడమే తనకు గౌరవమన్నట్టు నడుచుకోవాలని కూడా రాశాడు. అమర్త్యసేన్ 1981లో పేదరికం, కరువుల మీద రాసిన పుస్తకంలో, తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మనిషికి అందకపోవడం వేరని నిరూపించాడు. గిడ్డంగులు నిండి ఉన్నప్పుడు కూడా కొనే శక్తి పోతే మనిషి పస్తుంటాడు. అలాంటి పస్తు వ్యక్తి చేతగానితనానికి గుర్తు కాదు.

తెలుగువాళ్లు ఈ మార్పును కళ్లారా చూశారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రేషను దుకాణం ముందు నిలబడటం యాచన కాకుండా పోయింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అతి పేదలైన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం చట్టబద్ధమైన హక్కు చేసింది. కార్డు చూపించి బియ్యం తెచ్చుకునేవాడు ఎవరి దయకూ రుణపడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజన కేంద్రాలు మరో మార్గం పట్టాయి. ఆ ఐదు రూపాయలతో వంట ఖర్చు గిట్టదు. అయినా ఆటో డ్రైవరు, అడ్డా కూలీ డబ్బిచ్చి టోకెన్ తీసుకొని, కొనుక్కుని తిన్నానన్న నిబ్బరంతో వెళ్తారు. ఆ చిన్న మొత్తం నిలబెట్టేది ఆత్మగౌరవాన్ని.

అయితే హక్కు ఉందని దానం అక్కర్లేదనలేం. కార్డు లేని వలస కూలీ, ఊరు మారిన కుటుంబం, నిన్ననే ఉద్యోగం పోయిన గుమస్తా చట్టం లెక్కల్లోకి రావడానికి సమయం పడుతుంది. ఆకలి అంతవరకు ఆగదు. హక్కు చేరనిచోట చేయి చేరాలి.

నేటి చిక్కు

విదేశాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులకు ఈ విషయం ఇప్పుడు దగ్గరిదైంది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో చాలా విశ్వవిద్యాలయాలు సొంత ఫుడ్ బ్యాంకులు నడుపుతున్నాయి. ఇంట్లో అప్పుచేసి పంపిన డబ్బు ఫీజుకు, అద్దెకు సరిపోక, పార్ట్‌టైం పని దొరకక, వాటి మెట్లు ఎక్కే పిల్లలు ఉన్నారు. ఆ సంగతి అమ్మానాన్నలకు చెప్పరు. 2024లో కెనడాలో, ఫుడ్ బ్యాంకు సరుకులతో నెల ఖర్చు ఎలా మిగుల్చుకోవాలో చెప్పిన ఒక వీడియో మీద పెద్ద దుమారం రేగింది. విదేశీ విద్యార్థులు ఫుడ్ బ్యాంకులకు రానేకూడదన్న మాటలూ వినిపించాయి. చదువు అనుమతి కోసం విద్యార్థి తన దగ్గర ఉందని చూపవలసిన జీవన వ్యయపు సొమ్మును ఆ దేశం అదే ఏడాది జనవరి నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది.

ఉషస్తి కొలతతో చూస్తే ఈ వివాదం తేలికగా తేలుతుంది. సొమ్ము మిగుల్చుకోవడానికి తీసుకున్న పొట్లం నీళ్ల లాంటిది, తీసుకున్నవాడికి అది వేరేచోటా దొరుకుతుంది. దాన్ని తీసుకుంటే మరో ఆకలిగొన్నవాడి వాటా తగ్గుతుంది. ఈ వారం తిండికి దారి లేని విద్యార్థి తీసుకున్న పొట్లం గుగ్గిళ్ల లాంటిది, దానిమీద అతనికి పూర్తి హక్కు ఉంది. అతని పాస్‌పోర్టు ఏ దేశానిదన్న ప్రశ్న ఇక్కడ ధర్మం అడిగేది కాదు. కొందరు దుర్వినియోగం చేశారని అందరికీ తలుపు మూయడం, వ్యాసుడు శపించబోయాడని పదివేలమందిని పస్తుంచడం వంటిదే.

తేలిన ధర్మం

శాస్త్రాలు, మతాలు, తత్త్వవేత్తలు చెప్పినదాన్ని కూడితే ఆచరణకు నాలుగు మాటలు మిగులుతాయి. ఇంట్లో తిండి లేనప్పుడు దొరికిన సాయాన్ని తీసుకోవడం ధర్మమే, ముఖ్యంగా పిల్లలు, ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు ఆధారపడి ఉంటే అది తప్పించుకోకూడని విధి. కావలసినంతే తీసుకోవాలి, పరిస్థితి దాచకుండా నిజమే చెప్పాలి. తేరుకున్నాక పెట్టినవాడికే తిరిగి ఇవ్వనక్కర్లేదు, ఆకలితో ఉన్న మరొకరికి పెడితే ఆ బాకీ తీరుతుంది. పెట్టేవాడు ఆకలి అన్నవాడికి ముందు పెట్టాలి, వివరాలు తరవాత అడగాలి, పుచ్చుకున్నవాడి ముఖం బయటపెట్టకూడదు.

పరువు కోసం పస్తులుండటాన్ని ఇక్కడ చూసిన ఏ ధర్మమూ మెచ్చుకోలేదు. కష్టంలో ఉన్న కుటుంబాలు రేషను కార్డు, బడి భోజనం, క్యాంటీను, గుడి ప్రసాదం, ఫుడ్ బ్యాంకు, వీటిలో దగ్గర ఏది ఉంటే అక్కడికి వెళ్లాలి. వాళ్లు వెళ్లలేకపోతే, వాళ్లను ఎరిగినవాళ్లు తోడు వెళ్లాలి.